జిప్ డిస్కుల్ని అప్పుడే తూకానికి వేయకండి

సంపాదకులు గారికి,

పాత డీటీపీ సెంటరో, ప్రెస్సో, చిన్న పత్రిక ఆఫీసో ఖాళీ చేస్తుంటే అటక మీంచి దిగే సామానులో ముదురు నీలం రంగు జిప్ డ్రైవ్ ఒకటి, దాంతోపాటు అట్టపెట్టె నిండా డిస్కులు తరచుగా కనిపిస్తుంటాయి. ఐయొమెగా కంపెనీ 1995లో అమ్మకానికి తెచ్చిన డ్రైవ్ అది. డిస్కుకి 100 ఎంబీ. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీ కాబట్టి, ఫొటోలతో కట్టిన పేజీల్ని ప్లేటు తీసేచోటికి మోయడానికి అప్పట్లో జిప్ డిస్కు పెద్ద సదుపాయం. ఇప్పుడు వాటిని షాపుకి పట్టుకెళ్తే "డ్రైవర్లు దొరకవు సార్, పారేయండి" అంటున్నారు. ప్రింటర్ పోర్టుకి తగిలించే జిప్ డ్రైవ్ విషయంలో, విండోస్ 10, 11 వరకు ఆ మాట నిజమే. ఉచితంగా దొరికే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో మాత్రం ఆ డ్రైవర్లు, అంటే డ్రైవ్‌తో కంప్యూటర్‌ని మాట్లాడించే ప్రోగ్రాములు, దాని గుండెకాయ లాంటి కెర్నల్ సోర్సులోనే ఉన్నాయి. పాత హార్డ్‌వేర్‌ని లైనక్స్ తొందరగా వదలదు. 2021లో వచ్చిన 5.14 కెర్నల్లో ఐడీఈ అనే పాత హార్డ్ డిస్కుల రకానికి రాసిన పాత కోడ్ మొత్తం తీసేశారు, అయినా ఐడీఈ డిస్కులు ఆగిపోలేదు. వాటి పనిని అంతకు చాలా ముందే లిబ్‌ఏటీఏ అనే కొత్త కోడ్ అందుకుంది.

కాబట్టి అసలు చిక్కు డ్రైవర్ దగ్గర లేదు. తప్పు పోర్టు, తప్పు అడాప్టర్, తొందరపడి డిస్కులు ఒకదాని వెంట ఒకటి దూర్చడం, వీటివల్లే సమాచారం పోతోంది. చేయాల్సిన పని వరసలో రాస్తున్నాను. ఆదేశాలు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నా, టెర్మినల్లో (ఆదేశాలు టైపు చేసే కిటికీ) వాటిని ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టాలి. చాలావాటికి ముందు సుడో (అడ్మిన్ అధికారం ఇచ్చే మాట) కావాలి.

మొదట డ్రైవ్ వెనక్కి తిప్పి చూడండి. ఒక్క యూఎస్‌బీ సాకెట్టే ఉంటే మీ పని సగం అయిపోయినట్టే, మామూలు పెన్‌డ్రైవ్‌ని పట్టుకున్నట్టే లైనక్స్ దాన్ని పట్టుకుంటుంది. 25 పిన్నుల సాకెట్లు రెండు ఉంటే జాగ్రత్త. ప్రింటర్ పోర్టు మోడల్, స్కజీ (ఎస్‌సీఎస్‌ఐ) అనే వేరే రకం పోర్టు మోడల్ చూడ్డానికి కవల పిల్లలే. స్కజీ దానికి వెనక 5, 6 అని ఐడీ మార్చే మీట, టెర్మినేషన్ అని ఇంకో మీట ఉంటాయి. ప్రింటర్ పోర్టు దానికి ఒక సాకెట్ దగ్గర ప్రింటర్ బొమ్మ ఉంటుంది. స్కజీ డ్రైవ్‌ని ప్రింటర్ పోర్టుకి తగిలిస్తే పోర్టో డ్రైవో దెబ్బతినొచ్చు. అడాప్టర్ కూడా అంతే. ఈ డ్రైవ్‌లకి కావాల్సింది 5 వోల్టులు, 1 ఆంపియర్. పెట్టెలో దొరికిన 9 లేదా 12 వోల్టుల అడాప్టర్ జాక్ సరిపోయింది కదా అని పెడితే లోపలి బోర్డు మాడిపోతుంది. అడాప్టర్ మీద అచ్చు చదివాకే ప్లగ్ పెట్టండి.

ప్రింటర్ పోర్టు మోడల్‌కి కంప్యూటర్లో నిజమైన ప్రింటర్ పోర్టు ఉండాలి. చౌకగా దొరికే యూఎస్‌బీ ప్రింటర్ కేబుల్ దీనికి ఎంతమాత్రం పనికిరాదు. ఆ కేబుల్ ప్రింటర్‌కి అక్షరాలు పంపడం వరకే చేస్తుంది. జిప్ డ్రైవర్‌కి పోర్టులోని ఒక్కో సిగ్నల్ తీగని నేరుగా ఆన్, ఆఫ్ చేసే వీలుండాలి. పాత డెస్క్‌టాప్ ఒకటి సంపాదించడం అన్నిటికంటే సులువు. లేదంటే మీ మదర్‌బోర్డు మీద ఎల్‌పీటీ అని రాసి ఉన్న పిన్నుల వరస ఉందేమో చూడండి, ఉంటే బ్రాకెట్ కేబుల్ తగిలిస్తే చాలు. అదీ లేకపోతే ప్రింటర్ పోర్టు ఇచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్యారలల్ కార్డు కొనాలి. ఇలాంటి కార్డుల మీద కనిపించే 9901 చిప్పు మన హైదరాబాద్ కంపెనీ మాస్‌చిప్ పేరుతో వచ్చిందే, లైనక్స్‌కి అది బాగా తెలుసు. మదర్‌బోర్డు పోర్టయితే బయోస్‌లోకి (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులు) వెళ్ళి ప్రింటర్ పోర్టు మోడ్‌ని వేగంగా నడిచే ఈపీపీకి మార్చండి. అలా మార్చకపోయినా పని జరుగుతుంది గానీ నత్తనడక నడుస్తుంది.

డ్రైవర్లు రెండున్నాయి: పీపీఏ, ఐఎంఎం. ఏది ఎవరికో తేల్చేది కేబుల్. డ్రైవ్‌తో వచ్చిన కేబుల్ కనెక్టర్ మీద "ఆటోడిటెక్ట్" అని అచ్చు ఉంటే, లేదా డ్రైవ్ జిప్ ప్లస్ అయితే, ఐఎంఎం. అంతకు ముందువాటికి పీపీఏ. మీ కెర్నల్లో ఆ డ్రైవర్ ఫైలు (మాడ్యూల్) ఉందో లేదో "మోడ్‌ఇన్ఫో ఐఎంఎం" కొడితే తెలుస్తుంది. లేదని వస్తే కంగారు వద్దు. ఉబుంటు డిస్ట్రోలో (లైనక్స్ రకాల్లో ఒకటి) ఇలాంటి అరుదైన డ్రైవర్లు "మాడ్యూల్స్ ఎక్స్‌ట్రా" అనే వేరే ప్యాకేజీలో పెడతారు, ముందు అది ఉందో లేదో చూడండి. అప్పటికీ లేకపోతే వేరే డిస్ట్రో లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి చూడండి.

డ్రైవ్‌కి కరెంటు ఇచ్చి, కేబుల్ పెట్టి, ఆ తర్వాతే "మోడ్‌ప్రోబ్ ఐఎంఎం" కొట్టాలి. ఈ వరస తారుమారైతే డ్రైవ్ కనపడదు, ఎందుకంటే మాడ్యూల్ ఎక్కిన క్షణంలో ఒక్కసారే పోర్టు వెతుకుతుంది. యూఎస్‌బీలాగా తర్వాత తగిలిస్తే గుర్తుపట్టడం ఉండదు. కనపడకపోతే "మోడ్‌ప్రోబ్ -ఆర్ ఐఎంఎం"తో దించేసి రెండో డ్రైవర్ ఎక్కించండి. "డీమెస్గ్" కొడితే వచ్చే కెర్నల్ సందేశాల చివర్లో ఐయొమెగా పేరు కనిపిస్తే డ్రైవ్ దొరికినట్టు. డిస్కు పెట్టాక 1,96,608 బ్లాకులు అని వస్తే డిస్కు కూడా చదువుతోందన్నమాట.

అయితే ఏ డిస్కు పెట్టాలి? ముందుగా పోయినా బాధలేని డిస్కు ఒకటి ఎంచుకోండి. జిప్ డ్రైవ్‌కి "క్లిక్ ఆఫ్ డెత్" అనే జబ్బుంది. లోపల డిస్కుని చదివే హెడ్డు కదిలిపోయినా, చెడిపోయినా టక్ టక్ మని ఆగకుండా కొట్టుకుంటుంది. అలా చెడిన హెడ్డు డిస్కు అంచుని చీలుస్తుంది, చీలిన అంచున్న డిస్కు వేరే మంచి డ్రైవ్‌లో పెడితే దాని హెడ్డుని కూడా లాగేస్తుంది. గజ్జిలా ఒకదాన్నించి ఇంకోదానికి అంటుకునే రోగమిది. అందుకని ప్రతి డిస్కునీ పెట్టే ముందు ఇనుప రేకుని వేలితో పక్కకి జరిపి, లోపలి నల్ల పొర అంచుని లైటు కింద చూడండి. చిరుగు, ముడత, బూజు తెల్లమరక కనిపిస్తే ఆ డిస్కు పక్కన పెట్టేయండి. మన కోస్తా తేమలో ఏళ్ళు ఉన్న డిస్కులకి బూజు మామూలే. పొర మీద వేలు మాత్రం పెట్టొద్దు. డ్రైవ్ టక్ టక్ మంటే వెంటనే కరెంటు తీసేయండి, ఇంకో డిస్కు పెట్టి చూద్దాం అనుకోవద్దు. డిస్కు లోపల ఇరుక్కుంటే, కరెంటు తీసేశాక డ్రైవ్ వెనకనున్న చిన్న కన్నంలోకి తిన్నగా సాగదీసిన పేపర్ క్లిప్ దూర్చి నొక్కితే బయటికొస్తుంది.

ఇంకో మాట. ఫ్లాపీకి ఉన్నట్టు జిప్ డిస్కుకి రాతని ఆపే మీట లేదు. డిస్కు పెట్టగానే డెస్క్‌టాప్ దాన్ని దానంతటదే తెరిచి, చెత్తబుట్ట ఫోల్డర్ ఒకటి రాసేయొచ్చు. సెట్టింగుల్లో ఆటోమౌంట్ ఆపేయండి. "ఎల్‌ఎస్‌బీఎల్‌కే" కొట్టి డిస్కు పేరు చూసుకోండి, ఎస్‌డీబీ అనుకుందాం. తర్వాత "బ్లాక్‌డెవ్ --సెట్ఆర్ఓ /డెవ్/ఎస్‌డీబీ" కొడితే దాని మీద ఎవరూ రాయలేరు. డిస్కు మార్చిన ప్రతిసారీ ఇది మళ్ళీ కొట్టడం మేలు. 750 ఎంబీ జిప్ డ్రైవ్ దొరికిన వాళ్ళకి ఈ బెడద లేదు. అది 100 ఎంబీ డిస్కుల్ని చదవగలదు గానీ వాటి మీద రాయలేదు. కొన్నవాళ్ళు అప్పట్లో దాన్ని లోపమని తిట్టుకున్నారు, మన పనికి అదే వరం.

ఇక కాపీ. ఫైళ్ళు తెరిచి ఒక్కొక్కటి లాగొద్దు. మొత్తం డిస్కుని ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా, అంటే ఇమేజ్‌గా తీయాలి. దానికి డీడీ రెస్క్యూ అనే ప్రోగ్రామ్ వాడండి. డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీ పేరు ముందు జీ అక్షరంతో "జీడీడీరెస్క్యూ" అని ఉంటుంది, ఆదేశంలో మాత్రం ఆ జీ ఉండదు. మొదటి విడత "డీడీరెస్క్యూ -ఎన్ /డెవ్/ఎస్‌డీబీ డిస్కు01.ఐఎంజీ డిస్కు01.మ్యాప్". ఇది చదవగలిగిందంతా చదివి, మొండికేసిన చోట్లని మ్యాప్ ఫైల్లో రాసుకుని ముందుకి పోతుంది. రెండో విడత అదే ఆదేశంలో -ఎన్ బదులు "-డీ -ఆర్3" పెడితే మిగిలిపోయిన సెక్టార్ల (512 బైట్ల ముక్కల) దగ్గరికే వెళ్ళి మూడుసార్లు ప్రయత్నిస్తుంది. మ్యాప్ ఫైలు పేరు మర్చిపోతే మాత్రం మళ్ళీ మొదట్నుంచి డిస్కంతా గీకుతుంది, బలహీనమైన డిస్కుకి అది ప్రాణాంతకం. పూర్తయిన ఇమేజ్ సరిగ్గా 10,06,63,296 బైట్లు ఉండాలి. తక్కువుంటే కాపీ సగంలో ఆగినట్టే.

ఇమేజ్ తెరిచేటప్పుడు చాలామంది దెబ్బతినేది ఒక చిన్న విషయం దగ్గర. కంపెనీలో ఫార్మాట్ చేసి వచ్చిన జిప్ డిస్కుల్లో పార్టిషన్ (డిస్కులో ఫైళ్ళు ఉండే భాగం) నంబరు 1 కాదు, 4. అందుకే ఎస్‌డీబీ1 తెరవబోయి "లేదు" అని వస్తే డిస్కు ఖాళీ అనుకుని పారేస్తారు. ఆ పార్టిషన్ 32వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది, 32 ఇంటు 512 అంటే 16,384. కాబట్టి "మౌంట్ -ఓ ఆర్ఓ,లూప్,ఆఫ్‌సెట్=16384 డిస్కు01.ఐఎంజీ /ఎంఎన్‌టీ" అంటే తెరుచుకుంటుంది. అలా రాకపోతే పార్టిషన్ లేకుండా ఫార్మాట్ చేసిన డిస్కయ్యుండొచ్చు, ఆఫ్‌సెట్ మాట తీసేసి చూడండి. యాడ్ ఏజెన్సీల నుంచి వచ్చిన డిస్కులైతే మ్యాక్‌లో ఫార్మాట్ చేసినవి కావచ్చు. "ఫైల్ డిస్కు01.ఐఎంజీ" కొడితే ఏ రకమో అదే చెబుతుంది, హెచ్‌ఎఫ్‌ఎస్ (పాత మ్యాక్ పద్ధతి) అయితే హెచ్‌ఎఫ్‌ఎస్‌యుటిల్స్ వాడాలి.

ఫ్లాపీల గురించి కొద్దిగా. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ 3.5 అంగుళాల 1.44 ఎంబీ, 720 కేబీ ఫ్లాపీల వరకు చాలు, ఇమేజ్ తీసేది అదే డీడీ రెస్క్యూతో, 1.44కి సైజు 14,74,560 బైట్లు. పెద్ద 5.25 అంగుళాల ఫ్లాపీలు దాంతో కుదరవు, వాటికి పాత డ్రైవ్‌తో పాటు దాన్ని యూఎస్‌బీకి కలిపే గ్రీజ్‌వీజిల్ లాంటి బోర్డు కావాలి.

పాత ఐడీఈ హార్డ్ డిస్కులకి, సికింద్రాబాద్ పార్క్‌లేన్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల దొరికే యూఎస్‌బీ కన్వర్టర్ పనిచేస్తుంది. కరెంటు అడాప్టర్‌తో సహా కొనండి, పెద్ద 3.5 అంగుళాల డిస్కుకి 12 వోల్టులు విడిగా ఇవ్వాలి. జంపర్ని (డిస్కు వెనక పిన్నులకి తొడిగే చిన్న టోపీ) మాస్టర్ స్థానంలో పెట్టాలి. వెస్టర్న్ డిజిటల్ డిస్కుల్లో కొన్నిటికి "మాస్టర్" వేరు, "సింగిల్" వేరు. ఒంటరిగా వాడేటప్పుడు సింగిల్‌లో పెట్టకపోతే అసలు కనపడదు. 200 జీబీ డిస్కు 32 జీబీ అని చూపిస్తే అది చెడిపోలేదు, పాత బయోస్‌ల కోసం పెట్టిన పరిమితి జంపర్ తీయలేదంతే. చిన్న 2.5 అంగుళాల పోర్టబుల్ డిస్కు తిరగబోయి ఆగిపోతూ, డీమెస్గ్‌లో ఎర్రర్ -71, -110 వరసగా వస్తుంటే ముందు అనుమానించాల్సింది కరెంటుని, కేబుల్‌ని. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే, తిరగడం మొదలుపెట్టే క్షణంలో డిస్కు అంతకంటే ఎక్కువ లాగుతుంది. కంప్యూటర్ వెనక పోర్టుకి పొట్టి కేబుల్‌తోనో, సొంత కరెంటున్న హబ్ ద్వారానో పెట్టి చూడండి.

అన్నీ కుదిరి ఫైళ్ళు బయటికొచ్చాక మన తెలుగువాళ్ళకి ఇంకో గడప ఉంది. అవి ఎక్కువభాగం పేజ్‌మేకర్ (పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్) ఫైళ్ళు, అక్షరాలు "అను" అనే తెలుగు ఫాంట్లవి. లిబ్రే ఆఫీస్ 4.4 వెర్షన్ నుంచి పేజ్‌మేకర్ ఫైళ్ళని తన "డ్రా" ప్రోగ్రాములో తెరుస్తుంది, కాలమ్‌లు అటూ ఇటూ జరిగినా మాటర్ దక్కుతుంది. అను ఫాంట్లు యూనికోడ్ కావు కాబట్టి ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగు బదులు పిచ్చి రోమన్ గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పాడైందని చెరిపేయకండి. అదే డిస్కుల్లో ఫాంటు ఫైళ్ళు కూడా ఉంటాయేమో వెతకండి, టీటీఎఫ్ అయితే హోమ్‌లోని ఫాంట్స్ ఫోల్డర్లో వేసి "ఎఫ్‌సీ-క్యాష్" కొడితే అక్షరం నిలబడుతుంది. యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి, ప్రూఫ్ దిద్దకుండా అచ్చుకి ఇవ్వొద్దు.

సాహిత్య సంస్థలు, గ్రంథాలయాలు, మూతబడ్డ చిన్న పత్రికల వారసులు ఈ పని మొదలుపెడితే ఒక విన్నపం. డిస్కు మీది చేతిరాత లేబుల్‌ని ఫొటో తీసి ఇమేజ్ పక్కనే దాచండి, ఏ సంచికో ఏ పుస్తకమో చాలాసార్లు అక్కడ తప్ప ఇంకెక్కడా ఉండదు. "షా256సమ్" ఆదేశంతో ప్రతి ఇమేజ్‌కీ వేలిముద్ర లాంటి లెక్క కట్టి, రెండు వేర్వేరు డిస్కుల్లో కాపీలు పెట్టి, రెండు చోట్లా లెక్క ఒకటే వచ్చిందని చూసుకోండి. ఈ పాత డిస్కులు ఊరందరి పెళ్ళిపత్రికలు, పహాణీలు, ఓటరు జాబితాలు తిరిగిన డీటీపీ డిస్కులు కూడా కావచ్చు, కాబట్టి చివరికి పారేసేటప్పుడు లోపలి పొరని కత్తిరించాకే పారేయండి.

— ఒక పాఠకుడు, విజయవాడ