గృహప్రవేశం రోజు కాదు, కార్తీకం వానలప్పుడు అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారం. నెల్లూరు, ఒంగోలు అపార్ట్‌మెంట్ ప్రకటనల్లో ‘కొన్నవారందరూ సంతృప్తిగా ఉన్నారు’ అనే మాట తరచూ కనిపిస్తోంది. ఆ సంతృప్తిని ఏ నెలలో కనుక్కున్నారో కూడా వేస్తే బాగుండేది. మన దగ్గర గృహప్రవేశాలు ఎక్కువగా ఎండల్లో, వైశాఖ ముహూర్తాలకు జరుగుతాయి. అప్పుడు గోడ పొడిగా, లప్పం నున్నగా ఉంటుంది. మనకు పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. కిటికీ చట్రం కింద నుంచి నీళ్లు దిగడం, డాబా చెమ్మ సీలింగు మీద మచ్చ కట్టడం అప్పుడు మొదలవుతాయి. పై ఫ్లాటు వాళ్ల బాత్రూం వాడకంలోకి వచ్చాక కింద వాళ్ల గోడ ఉబ్బుతుంది. అప్పటికి బిల్డరు చివరి వాయిదా పుచ్చుకుని ఇంకో సైటులో ఉంటాడు.

చాలామంది ‘ఇక మన ఖర్మ’ అని సొంత డబ్బుతో వాటర్‌ప్రూఫింగ్ చేయించుకుంటారు. అక్కర్లేదు. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, ఫ్లాటు అప్పగించిన నాటి నుంచి 5 ఏళ్ల లోపు నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ లోపం బయటపడితే బిల్డరు దృష్టికి తెచ్చిన 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. చేయకపోతే నష్టపరిహారం అడగొచ్చు. చిక్కల్లా ఒక్కటే. ‘ఫోన్‌లో చెప్పాం, మనిషిని పంపిస్తానన్నాడు’ అన్నదానికి తేదీ ఉండదు, 30 రోజులు ఎప్పటి నుంచో లెక్క తేలదు. ఫొటోలు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపి, రసీదు దాచుకోవాలి.

తాళాలు తీసుకునే ముందు చూడాల్సింది టైల్స్ మెరుపు కాదు. బాత్రూంలో రెండు బకెట్ల నీళ్లు పోస్తే జాలీ వైపు పోవాలి, మూలన నిలవకూడదు. టైల్స్ వేయకముందే బాత్రూం పల్లపు శ్లాబులో (పైపుల కోసం కిందికి దించి వేసిన శ్లాబు) 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది ఫ్లాటులో చెమ్మ చూడటం ఇంకా మంచిది. కట్టేటప్పుడే వెళ్లి అడిగితే తప్ప ఇది ఎవరూ చేయరు. తీర ప్రాంతం కాబట్టి ఇంకో మాట. ఇనుము వేసే కాంక్రీటుకు కలిపే నీటిలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ఉప్పు బోరు నీళ్లతో పని కానిస్తే కొన్నేళ్లకు కడ్డీ తుప్పు పట్టి ఉబ్బుతుంది, సజ్జలు, బాల్కనీల అడుగున పెచ్చులు ఊడతాయి. అయిదేళ్ల గడువు అప్పటికి దాటిపోవచ్చు కూడా. అందుకే నీటి పరీక్ష రిపోర్టు ముందే అడగాలి.

స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు 8 దాటకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నెల్లూరు లెక్కలో 500 చదరపు మీటర్లంటే సుమారు 75 అంకణాలు. అలాంటి చోట కొనేవారు 5 ఏళ్ల మరమ్మతు షరతును ఒప్పందంలో తామే రాయించుకోవాలి. కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల వాడుకునే జాగా, ఎంతో కూడా అందులోనే ఉండాలి, ‘1200 ఎస్‌ఎఫ్‌టీ’ అన్న నోటి మాట చాలదు. రెరా కిందికి వచ్చే ప్రాజెక్టుల్లో ఒప్పందం రిజిస్టర్ కాకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోవడం సెక్షన్ 13 ప్రకారం తప్పు. ఆఫరు ఈ ఆదివారంతో ముగుస్తుందని తొందరపెట్టినా ఇవ్వొద్దు.

చివరగా మీ పత్రికకే ఒక విన్నపం. రిజిస్టరైన ప్రాజెక్టు ప్రకటనలో రెరా నంబరు, రెరా అథారిటీ వెబ్‌సైటు చిరునామా ఉండాలని సెక్షన్ 11(2) చెబుతోంది. కొన్నిటిలో ఆ నంబరు భూతద్దానికి కూడా అందదు. కొన్నిటిలో అసలు ఉండదు. నంబరు చదవగలిగే సైజులో లేని ప్రకటనను, మినహాయింపు ఉన్నదైతే తప్ప, జిల్లా ఎడిషన్‌లో వేయకండి.

ఇట్లు,
ఒక సివిల్ ఇంజినీరు,
ఒంగోలు