మంత్రి గారూ, యాభై ఏళ్లు నిండని పాత కారు ఏ కోవకు చెందుతుంది?

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

2021 జూలైలో మీ శాఖ వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చినప్పుడు పాత కార్లున్న వాళ్లం నిజంగా సంతోషించాం. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న వాహనానికి నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలతో వేరే వరుస కేటాయించారు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, రెన్యువల్‌కు 5,000, గడువు పదేళ్లు. రోజువారీ తిరుగుడు కుదరదు. ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోలుకో మాత్రమే రోడ్డెక్కాలి. ఈ షరతుల మీద నాకు పేచీ లేదు. పేచీ అంతా యాభై అన్న అంకెతోనే.

మా ఇంట్లో 1979 నాటి ప్రీమియర్ పద్మిని కారు ఉంది. పశువైద్యుడైన మా నాన్నగారు దాంట్లోనే ఊళ్లు తిరిగారు. మీ లెక్క ప్రకారం 2029 దాకా దానికి వింటేజ్ హోదా రాదు. అంతవరకు అది ఉత్త ముసలి బండి. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి కదా, ఆ రుసుము ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. అదే కారును తుక్కుకు ఇచ్చి కొత్తది కొంటే రోడ్డు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇస్తామంటున్నారు. డబ్బు కట్టలేక రాస్తున్న ఉత్తరం కాదిది. వదిలించుకోమని ఇంత మర్యాదగా ఎవరూ చెప్పి ఉండరని మాత్రం అనిపిస్తుంది. 2025 జూలై 1న ఢిల్లీలో పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లకు బంకుల్లో ఇంధనం పోయరాదన్నారు, కొద్ది రోజులకే ఆపారు. ఆపినా, ఆ భయం ఇక్కడ విజయవాడ దాకా వచ్చింది.

ఇంతకీ ఈ కార్ల వెనుక ఉన్నవాళ్లెవరో మీకు చెప్పాలి. మేము జమీందారులం కాము. ఆదివారాలు తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున కార్లు ఆపుకుని టీ తాగే మా బృందంలో మందుల దుకాణం నడిపే ఆయన, ఫిజిక్సు లెక్చరర్, ఆర్టీసీలో రిటైరైన డ్రైవరు, సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చే సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఉన్నారు. నేను బ్యాంకు ఉద్యోగిని. ఎవరికి ఏ ఉద్యోగం చేయాలని ఉండేదో ఒకసారి మాటల్లో వచ్చింది. సాఫ్ట్‌వేర్ కుర్రాడికి కార్ల డిజైన్లు గీయాలని ఉండేదట. ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది, కంప్యూటర్ సైన్సులో సీటు వచ్చింది, ఇక ఆ ఊసే లేదు. లెక్చరర్ గారు ఇంజన్లు విప్పి బిగించే షెడ్డు పెట్టుకుందామనుకున్నారు. గ్రీజు చేతులవాడికి పిల్లనెవరిస్తారని వాళ్లమ్మగారు కొట్టిపారేశారు. కోరుకున్న పనే చేశానని చెప్పినవాడు మాలో డ్రైవరు గారొక్కరే. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత పెట్టి అంబాసిడర్ కొన్నారాయన. ఇంట్లో ఆ గొడవ ఇంకా చల్లారలేదు.

మేమంతా కలగన్న ఆ పనిని నిజంగా చేస్తున్నవాడు ఆటోనగర్ మేస్త్రి.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో మా కార్లు చూసే మేస్త్రి దగ్గర స్కానరూ లేదు, కంప్యూటరూ లేదు. ఇంజన్ స్టార్ట్ చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను దాని మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటారు. ఏ వాల్వు దగ్గర టాపెట్ వదులైందో ఆ చప్పుడును బట్టి చెబుతారు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, కాంటాక్టు పాయింట్ల మధ్య అర మిల్లీమీటరు కూడా లేని సందులో పలుచటి ఉక్కు రేకు దూర్చి, అది బిగుసుకోకుండా, వదులుగానూ లేకుండా జారేదాకా మర అటూ ఇటూ తిప్పుతారు. ఆ సందు తేడా వస్తే కారు గట్టు ఎక్కేటప్పుడు గుక్కపట్టి ఆగిపోతుంది. తుప్పు పట్టిన మడ్‌గార్డును ఆయన పారేయరు. కుళ్లిన మేరకు కోసి, కొత్త రేకు అతికి, లోపల ఇనప దిమ్మ పట్టి బయట సుత్తితో తట్టి పాత వంపు రప్పిస్తారు.

ఆయన కొడుకు ఇప్పుడు ఇళ్లకు పార్సిళ్లు చేరవేస్తున్నాడు. తండ్రే వద్దన్నారు. “ఈ పనికి కాగితం లేదు సార్. బ్యాంకులో అప్పు అడిగితే ఏం చూపించాలి?” అని నన్నే అడిగారు, అదీ బ్యాంకువాడిని పట్టుకుని. జవాబు చెప్పలేకపోయాను. ఐటీఐల్లో మెకానిక్ మోటార్ వెహికల్ అని రెండేళ్ల కోర్సు ఉంది, మంచిదే. కానీ అందులో చదివిన కుర్రాడు కొత్త కార్ల సర్వీసు కేంద్రానికి వెళ్తాడు. అక్కడ లోపమేదో యంత్రం చెబుతుంది, చెడిన భాగం తీసేసి కొత్తది బిగిస్తారు. పద్మినికి ఆ కొత్త భాగాలు తయారయ్యే కాలం పోయింది. ఉన్నదాన్నే బతికించాలి, లేదంటే లేత్ మీద చేయించాలి. ఇంగ్లండులోని బిసెస్టర్‌లో ఒకప్పటి వైమానిక స్థావరంలో పాత కార్ల పునరుద్ధరణను అప్రెంటిస్‌షిప్‌గా నేర్పుతున్నారు. మనకు గురువులు ఆటోనగర్ నిండా ఉన్నారు, పేరు పెట్టి పిలవడానికి ఆ వృత్తికి ఒక పేరే లేదు.

యాభై ఏళ్ల గీత ఎవరిని గట్టున వేసిందో కూడా చూడండి. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్‌కు వచ్చిన ముప్పేమీ లేదు. జనం టికెట్టు కొని మరీ చూస్తారు. రాజుల కార్లను రాజులే దాచుకున్నారు. తుక్కుకు పోతున్నవి గుమాస్తాల కార్లు, డాక్టర్ల ఫియట్లు, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డులు, మీ ముందుతరం మంత్రులు ఎక్కి తిరిగిన తెల్ల అంబాసిడర్లు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. మారుతి 800 తయారీ కూడా ఆ ఏడాదే ఆగింది. మొట్టమొదటి మారుతి తాళాలను 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ స్వయంగా అందించారు. ఈ దేశంలో మధ్యతరగతి కారు ఎక్కిన రోజది. మీ నిబంధన ప్రకారం ఆనాటి మారుతులు వింటేజ్ కావాలంటే 2033 చివరి దాకా ఆగాలి. అప్పటికి ఎన్ని మిగులుతాయి?

మరో మాట. అసలు రూపం మారరాదన్న షరతును అక్షరాలా పట్టుకుంటే, 1982లో ఎన్టీ రామారావు గారు ఊరూరా తిరిగిన చైతన్య రథానికీ చిక్కే. అది పాత షెవర్లే వ్యానును మార్చి కట్టినది. చరిత్ర అంతా ఆ మార్పులోనే ఉంది మరి.

ప్రపంచంలో పాత వాహనాల సంఘాల సమాఖ్య అయిన ఫివా ముప్పై ఏళ్లు నిండితే చారిత్రక వాహనం అంటుంది. జర్మనీ 1997 నుంచి ముప్పై ఏళ్లు దాటి బాగా కాపాడుకున్న కార్లకు ‘హెచ్’ అక్షరంతో నంబరు ఇస్తోంది. బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటితే వాహన పన్నే లేదు. అంత ఉదారంగా ఉండమని అడగను. ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్య ఉన్న కార్లకు ఒక కొత్త కోవను సృష్టించమంటున్నాను. వింటేజ్‌కు పెట్టిన షరతులే దీనికీ పెట్టండి. ఇంకా కఠినంగా కావాలంటే ఏడాదికి ఇన్ని కిలోమీటర్లు మించరాదని మీటరు చూసి రాసుకోండి. మేము ఒప్పుకుంటాం.

మా కార్లు పొగ వదలవని బుకాయించను. పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ లేని కార్బురేటర్ ఇంజను కిలోమీటరుకు వదిలేది కొత్త కారు కంటే ఎక్కువే. అందుకే కిలోమీటర్లకు హద్దు పెట్టమంటున్నాను. రోజూ ఆఫీసుకు తిరిగే కారు వేరు, నెలకు రెండుసార్లు బయటికి తీసే కారు వేరు. వయసొక్కటే చూసే నిబంధనకు ఈ తేడా కనిపించదు.

అసలు రూపం చెడిందో లేదో తేల్చేదెవరన్నది మిగిలిన చిక్కు. 1979 పద్మినికి ఏ డైనమో ఉండాలో, డాష్‌బోర్డు ఎలా ఉండాలో రవాణా కార్యాలయంలోని యువ ఇన్‌స్పెక్టరుకు ఎలా తెలుస్తుంది? ఆయన తప్పు కాదది. ఆ సంగతులు తెలిసినవాడు మేస్త్రి. అనుభవంతో వచ్చిన నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య శిక్షణ పథకంలో ఇప్పటికే ఉంది. దాని కింద పాత వాహనాల పునరుద్ధరణను ఒక వృత్తిగా చేర్చమని ఆ శాఖను మీరు కోరండి. ధ్రువపత్రం పొందిన మేస్త్రిని తనిఖీ బృందంలో కూర్చోబెట్టి, దానికి రుసుము ఇవ్వండి. ఆయన అడిగిన కాగితం అదే.

చివరగా ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు గురించి. పాత కార్ల రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ గాస్కెట్లు దానికి తట్టుకునేలా చేసినవి కావు. పెద్ద నగరాల్లో ఒకటి రెండు బంకుల్లోనైనా ఇథనాల్ కలపని పెట్రోలు, ధర కాస్త ఎక్కువైనా సరే, దొరికేలా పెట్రోలియం శాఖతో మాట్లాడగలరా?

ముసాయిదా నోటిఫికేషన్ ఇస్తే మా అభ్యంతరాలు, సూచనలు గడువులోగా పంపుతాం. తనిఖీకి ఏ కారు కావాలన్నా విజయవాడ రవాణా కార్యాలయానికి మేమే తోలుకొస్తాం.

ఇట్లు,
1979 ప్రీమియర్ పద్మిని యజమాని,
విజయవాడ