అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారాలు.

అనంతపురంలో కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రాలపై లోహపు విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపు మాది. ఇస్రో రాకెట్ల భాగాలు చేసే ఆర్డర్లు మాలాంటి చిన్న సంస్థలకూ అందేలా చూడాలని సంబంధిత కార్యాలయానికి ఎన్నిసార్లు రాసినా జవాబు రాలేదు. అందుకే నలుగురి ఎదుట మీకు విన్నవించుకుంటున్నాను.

కేంద్ర శాఖలు ఏటా తమ కొనుగోళ్లలో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే కొనాలన్నది నిబంధన. టెండర్‌తో పాటు కట్టే ధరావతు (ఈఎండీ) నుంచి మాకు మినహాయింపు ఉంది. నాణ్యతలో రాజీ లేకుండా పూర్వానుభవం షరతు సడలించే వీలూ ఉంది. కానీ ఆ సడలింపు కొనేవారి ఇష్టం. మొదటి ఆర్డరే ఇవ్వకపోతే రాకెట్ భాగాలు చేసిన అనుభవం మాకెలా వస్తుంది? విమాన, అంతరిక్ష పరిశ్రమల నాణ్యతా ప్రమాణమైన ఏఎస్ 9100 సర్టిఫికెట్‌కు, పరీక్షలకు అప్పు చేయాలి. పని వస్తుందన్న నమ్మకం లేదు. ఈ టెన్షన్ మధ్య, మా దగ్గర పని నేర్చిన పిల్లలు బెంగళూరు వెళ్లిపోతున్నారు. మంచి పనిమంతులు వాళ్లు. వాళ్లను ఆపలేకపోతున్నందుకు చాలా బాధగా ఉంది.

జిల్లా పరిశ్రమల కేంద్రంలో టెండర్లకు సాయపడే ఒక నిపుణుడిని నియమించండి. శ్రీహరికోట, బెంగళూరులోని ఇస్రో కేంద్రాల కొనుగోలు అధికారులను ఇక్కడికి పిలిపించి మాతో ముఖాముఖి ఏర్పాటు చేయండి. చిన్న, కీలకం కాని భాగాలకు ట్రయల్ ఆర్డర్లు ఇవ్వాలని మీరే వారికి లేఖ రాయండి. ఈ మూడింటిపై మీ నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక చిన్న పరిశ్రమ యజమాని, అనంతపురం