బియ్యం బస్తా ఎన్ని రోజులొస్తుందని పిల్లలు ఎందుకడిగారంటే

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. పోయిన నెలలో మీ ఎనిమిదో తరగతి అబ్బాయో అమ్మాయో వంటింట్లోకి వచ్చి, "అమ్మా, మనింట్లో 26 కిలోల బస్తా ఎన్ని రోజులొస్తుంది?" అని అడిగే ఉంటారు. ఇంటి సంగతులు స్కూలుకెందుకని మీలో ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. అడగడం సబబే. మేం ముందుగా చెప్పి ఉండాల్సింది. అందుకే ఈసారి వార్తాలేఖలో మిగతా విషయాలన్నీ పక్కనపెట్టి ఇదొక్కటే రాస్తున్నాను.

సాంఘిక శాస్త్రం మాస్టారు, లెక్కల టీచరు కలిసి పిల్లలతో లేని దేశాన్ని ఒకదాన్ని తయారు చేయించారు. గ్రాఫ్ కాగితం మీద సముద్రం మధ్యలో ఒక దీవి. పేరు వెన్నెలదీవి. సెంటీమీటరుకు 10 కిలోమీటర్లు. కొండలు, అడవి, ఒక నది, రెండు రేవులు గీసుకున్నాక మాస్టారు మూడు ప్రశ్నలు వేశారు. ఇక్కడ ఎంతమంది జనం ఉంటారు? ఇది ఎంత కలిగిన దేశం? దీని బలమెంత? మొదటి రోజు జవాబులు ధాటిగా వచ్చాయి. జనం 10 కోట్లు, కొండకో బంగారు గని, 5 లక్షల సైన్యం.

అప్పుడు గడులు లెక్కపెట్టమన్నారు. నిండు గడులు, సగానికి మించి నిండినవి కలిపి 120 వచ్చాయి. అంటే 12,000 చదరపు కిలోమీటర్లు. 10 కోట్ల మందిని అందులో సర్దితే చదరపు కిలోమీటరుకు 8 వేల పైచిలుకు. సింగపూర్‌లో ఇంచుమించు అంత జనసాంద్రత ఉంది. కానీ సింగపూర్ మొత్తం ఒక నగరం, తిండి గింజలు బయటి నుంచే దిగుమతి చేసుకుంటుంది. వెన్నెలదీవిలో సగం కొండలూ అడవే. "మరి వీళ్లందరికీ అన్నం ఎక్కడిది సార్?" అని ఒకమ్మాయి అడిగింది. ఆ ప్రశ్నే మీ వంటిళ్ల దాకా వచ్చింది.

మీరు చెప్పిన జవాబులన్నీ బోర్డు మీద రాసుకుని చూస్తే, నలుగురున్న ఇంట్లో బస్తా సుమారు 24 రోజులు వస్తోంది. మనిషికి ఏడాదికి దాదాపు 100 కిలోల బియ్యం. ఇక పొలం సంగతి. ఒకబ్బాయి వాళ్ల తాతయ్యను అడిగొచ్చాడు. ఎకరానికి పాతిక బస్తాల ధాన్యం, బస్తాకు 75 కిలోలు. మరలో ఆడిస్తే మూడింట రెండు వంతులు బియ్యం. అంటే ఎకరానికి ఇంచుమించు 1,250 కిలోలు, పన్నెండు మందికి ఏడాది తిండి. దీవిలో నాలుగో వంతు సాగుభూమి అనుకుంటే 7 లక్షల 40 వేల ఎకరాలు. అందులో సగం పప్పులకు, నూనెగింజలకు, కూరగాయలకు, పశువుల మేతకు వదిలేశారు. మిగిలిన సగంలో ఒక్క పంట పండిస్తే 44 లక్షల మందికి సరిపోతుంది.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. ఇంతలో తాతయ్యను అడిగొచ్చిన ఆ అబ్బాయే లేచి, "ఆ దీవిలో యూరియా దొరుకుతుందా? కాలువలున్నాయా?" అన్నాడు. తరగతి నిశ్శబ్దమైపోయింది. అవేవీ లేకపోతే దిగుబడి సగానికి పడిపోవచ్చని మళ్లీ లెక్క వేశారు. చివరికి చార్టు మీద ఒక్క అంకె కాకుండా "20 లక్షల నుంచి 44 లక్షల దాకా" అని రాశారు. సరిచూసుకోవడానికి అట్లాసు తీస్తే జమైకా కనిపించింది. 11,000 చదరపు కిలోమీటర్లు, 28 లక్షల వరకు జనం. పిల్లల ముఖాలు ఆ క్షణంలో మీరు చూసి ఉండాల్సింది.

ఈ పద్ధతి పాతదే. 1662లో లండన్‌లో జాన్ గ్రాంట్ అనే దుకాణదారు ఇలాగే కూర్చుని లెక్క వేశాడు. అప్పటికి నగరంలో జనాభా లెక్కలు లేవు. పెద్దపెద్దవాళ్లు కూడా లండన్ జనం పది లక్షలకు పైమాటేనని నోటికొచ్చినట్టు చెప్పేవారు. ఆయన చర్చి చిట్టాలు తీసి, ఏడాదికి కాన్పులు సుమారు 12,000 అని చూశాడు. రెండేళ్లకో కాన్పు అనుకుంటే పిల్లల్ని కనే వయసు స్త్రీలు 24,000. కుటుంబాలు దానికి రెట్టింపు, 48,000. పనివాళ్లతో కలిపి ఇంటికి ఎనిమిది మంది. మొత్తం 3,84,000. ప్రతి మెట్టూ కాగితం మీద కనబడుతుంది కాబట్టే ఇన్నేళ్ల తర్వాతా ఆయన తప్పొప్పులు మనం చర్చించుకోగలుగుతున్నాం.

సంపద దగ్గర బంగారు గనుల మీద పెద్ద వాదనే జరిగింది. మాస్టారు నౌరు దీవి కథ చెప్పారు. పసిఫిక్‌లో 21 చదరపు కిలోమీటర్ల దేశం. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక ఫాస్ఫేట్ తవ్వి అమ్మి, తలసరి ఆదాయంలో ప్రపంచంలోనే పై వరసలో నిలిచింది. ఖనిజం అడుగంటింది, దాచిన డబ్బు చాలావరకు చేజారింది, దీవి నడిమి భాగం సాగుకు పనికిరాని రాతి మొనలుగా మిగిలింది. మారిషస్‌ది దీనికి ఎదురు కథ. 1961లో ఆర్థికవేత్త జేమ్స్ మీడ్, తర్వాత నోబెల్ అందుకున్నాయన, చెరకు ఒక్కటే ఆధారం, జనం పెరిగిపోతున్నారు, ఈ దీవికి మంచి రోజులు కనబడటం లేదన్నట్టు రాశారు. ఆ దేశం బట్టల మిల్లులు, పర్యాటకం, బ్యాంకింగ్ పెట్టుకుని ఆఫ్రికాలో కలిగిన దేశాల్లో ఒకటైంది. కోరంగి రేవు నుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్లిన మన తెలుగువాళ్ల వంశాలు ఇప్పటికీ అక్కడున్నాయి, ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. మీడ్ లెక్క తప్పింది. కానీ ఆయన కారణాలు రాసిపెట్టారు కాబట్టి ఎక్కడ తప్పిందో పిల్లలు కూడా వేలు పెట్టి చూపించగలిగారు.

బలం సంగతి త్వరగానే తేలింది. నూటికి ఒకరికి మించి సైన్యంలో పెట్టుకుంటే దేశం చితికిపోతుందని తన కాలంలో అనుకునేవారని 1776లో ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ రాశాడు. ఆ లెక్కన వెన్నెలదీవికి 44 వేలు దాటకూడదు. 5 లక్షల మంది తుపాకులు పడితే నాట్లు వేసేదెవరు? తర్వాత ఐస్‌లాండ్ గురించి విన్నారు. సైన్యమే లేదు, 1970ల్లో జనం 2 లక్షల పైచిలుకు. చేపల వేట హద్దు మీద బ్రిటన్‌తో తగువుపడి, తీర రక్షక పడవలతో వలలు కోసి, 1976లో తన 200 మైళ్ల హద్దును ఒప్పించుకుంది. అమెరికా, బ్రిటన్ వంటి దేశాల సైనిక కూటమి నాటోకు ఆ దీవి మీది స్థావరం అంత అవసరం మరి. ఇది విన్న వెంటనే మా పిల్లలు తమ దీవిని ఓడల దారిలోకి జరపొచ్చా అని అడిగారు. గీసిన చోటే ఉండాలన్నారు మాస్టారు.

ఇప్పుడు మీతో ఒక మాట. ఒకమ్మాయి నోట్సులో 10 కోట్లు కొట్టేసి 1 కోటి, అదీ కొట్టేసి 88 లక్షలు, దాని పక్కన 44 అని ఉంది. పక్కన చిన్న అక్షరాలతో "పప్పులు మర్చిపోయాను" అని రాసుకుంది. ఇంట్లో చూసినవాళ్లు గజిబిజిగా ఉందని ఫెయిర్ కాపీ రాయించి పంపారు. కొత్త కాగితం మీద 44 ఒక్కటే, ముత్యాల్లాంటి అక్షరాల్లో. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ కొట్టివేతల్లోనే కదా ఆ పిల్ల ఆలోచించింది! పాత కాగితం ఇంకా ఉంటే దయచేసి పంపండి. మిగతావాళ్లు కూడా ఏదీ చెరిపించవద్దు, తిరగరాయించవద్దు.

రెండో శనివారం ఉదయం పదింటికి పై అంతస్తులో చార్టులు పెడుతున్నాం. ప్రతి చార్టు దగ్గరా పిల్లలుంటారు. ఏదో ఒక అంకె మీద వేలు పెట్టి "ఇదెలా వచ్చింది?" అని అడగండి. సాగు చేసే తాతయ్యలు, అమ్మమ్మలు వస్తే మరీ సంతోషం. ఎకరానికి పాతిక బస్తాలన్న లెక్క దగ్గర తరగతిలో ఇంకా పేచీ నడుస్తోంది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయిని