1768 నాటి సీసపు బిళ్ల వెనుక మనిషిని చూపించినవారికి

మా అత్తయ్యగారి కుట్టుపెట్టెలో, గుండీల మధ్య, పావలా బిళ్లంత సీసపు ముక్క ఒకటి ఉండేది. అంచులు అరిగిపోయాయి. ఒకవైపు నాలుగు అక్షరాలు, రెండోవైపు 1768. ఇన్నేళ్లూ దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అది ఏమిటో, ఎవరి కాలానిదో ఈ ఏడాది తెలిసింది. తెలియజెప్పినవారికి నలుగురి ముందూ కృతజ్ఞత చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

నాది గుంటూరు. మావారిది ఉత్తర ఐర్లండ్‌లోని ఆంట్రిమ్ కౌంటీ, తరతరాల ప్రెస్బిటేరియన్ కుటుంబం, అంటే బిషప్పుల పాలన లేకుండా సంఘపెద్దలే నడిపే ప్రొటెస్టెంట్ శాఖవాళ్లు. 1661లో అక్కడి బిషప్ జెరెమీ టేలర్ తన అధికారాన్ని ఒప్పుకోని సంఘకాపరుల మీద ఆగ్రహించి 36 చర్చిల్లో కాపరి పదవులు ఖాళీ అయినట్టు ప్రకటించారు. అలా చర్చి పోగొట్టుకున్నవారిలో ఒకరు తమ మూలపురుషుడని అత్తయ్యగారు చిన్ననాటి నుంచీ వింటూ వచ్చారు. కొన్నేళ్ల కిందట డబ్బు కట్టి ఒకచోట వంశవృక్షం రాయిస్తే వాళ్లూ అదే రాసిచ్చారు. దానికి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాం.

బెల్‌ఫాస్ట్‌లోని ప్రెస్బిటేరియన్ హిస్టారికల్ సొసైటీ గ్రంథాలయంలో మాకు సాయపడిన పెద్దాయన ఆ పటం కంటే ముందు సీసపు ముక్కను చేతిలోకి తీసుకున్నారు. కిటికీ దగ్గరికి వెళ్లి, అరచేతిలో అటూ ఇటూ తిప్పి, “ఇది బల్ల బిళ్లమ్మా” అన్న అర్థం వచ్చేలా చెప్పారు. తెలుగు క్రైస్తవులకు బల్ల అంటే వివరించనక్కర్లేదు, ప్రభు రాత్రి భోజనం, యేసును తలచుకుంటూ చర్చిలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన. ఆ రోజుల్లో సంఘపెద్దలు విశ్వాసుల నడవడిని విచారించి, అర్హులనుకున్నవారికే ఇలాంటి బిళ్ల ఇచ్చేవారు. బిళ్ల చూపిస్తేనే బల్ల దగ్గర చోటు. మా బిళ్ల మీది నాలుగు అక్షరాల్లో రెండు ఊరివి, రెండు కాపరివి. ఆ ఆనవాలుతో ఆయన 1613 నుంచి 1840 వరకు ఐర్లండ్‌లో పనిచేసిన ప్రెస్బిటేరియన్ కాపరుల జాబితా తెరిచారు. 1613 అంటే ఎడ్వర్డ్ బ్రైస్ అనే స్కాట్లండ్ కాపరి బాలీకారీకి వచ్చిన సంవత్సరం. ఆ జాబితాలో మా ఇంటిపేరుతో, ఒకే పేరుతో ముగ్గురున్నారు! తాత పేరు మనవడికి పెట్టడం మనకు ఎంత ఆనవాయితీయో వాళ్లకూ అంతే. అందుకే పేరును చూసి నమ్మవద్దని ఆయన పదేపదే చెప్పారు. మనలోనూ ఇంటిపేరు ఒకటైనా గోత్రం వేరయిన కుటుంబాలు ఎన్ని లేవు?

అక్కడి బాప్తిస్మాల రిజిస్టర్లు ఈ చిక్కు విప్పలేవు. 1922లో డబ్లిన్ రికార్డుల భవనం కాలిపోవడమే దీనికి కారణమని నేను అనుకున్నాను. నిజానికి ప్రెస్బిటేరియన్ రిజిస్టర్లు ఏ సంఘానివి ఆ సంఘం దగ్గరే ఉండేవి. కానీ అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘాల పాలకసభ అయిన అల్‌స్టర్ సినడ్ వాటిని తప్పనిసరిగా రాయాలని ఆదేశించింది 1819లో. అంతకుముందువి చాలాచోట్ల అసలు రాయనే లేదు.

దారి గ్లాస్గోలో దొరికింది. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాల నాడు ప్రెస్బిటేరియన్లకు డిగ్రీ ఇచ్చేది కాదు. అందుకే కాపరులు కాదలచిన కుర్రవాళ్లు సముద్రం దాటి స్కాట్లండ్ వెళ్లి చదువుకునేవారు. గ్లాస్గో విశ్వవిద్యాలయం 1728 నుంచి పేరు నమోదు చేసుకున్న విద్యార్థుల తండ్రి పేరు, వృత్తి లాటిన్‌లో రాసి ఉంచింది. మా బిళ్ల మీది కాపరిగారి పేరు ఎదుట ఒకటిన్నర వరుస ఉంది, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

అప్పుడు గుర్తుకొచ్చారు, గుంటూరులో మా అమ్మావాళ్ల వీధిలో ఉండే ఫాదర్‌గారు. సెమినరీలో లాటిన్ చదివినవారు, ఎనభై దాటారు. ఫొటో పంపిన అరగంటకే ఫోను చేశారు. “ఫిలియస్ నాటు టెర్షియస్ అంటే మూడో కొడుకమ్మా. అగ్రికోలే అని ఉంది చూడు, వాళ్ల నాన్న రైతు” అన్నారు. పటంలో మాత్రం ఆ తండ్రి కూడా కాపరే! ఆ ఒక్క మాటతో 1661 దాకా వేసిన కొమ్మంతా విరిగిపోయింది. ఫాదర్‌గారూ, మీది కాని సంఘం కోసం, మీరు చూడని దేశం కోసం భూతద్దం పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నారు. మీకు పాదాభివందనం.

ఆ రైతుబిడ్డే మా పూర్వికుడని తేల్చింది ఒక సమాధిరాయి. ఆ ఊరి సంఘంలోని ఒక అక్క మా కోసం వానలో రెండుసార్లు వెళ్లారు. రాయి పెచ్చులూడిపోతుందని బ్రష్షు పెట్టలేదు. చీకటి పడ్డాక టార్చిలైటు పక్కవాటుగా పట్టుకుంటే, నీడల్లోంచి అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలాయట. అత్తయ్యగారి ముత్తాత తాతగారి పేరు, దాని కింద “ఈ సంఘపు కాపరి కుమారుడు” అన్న మాట. ఆ ఫొటో చూసి మావారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఈ సంగతి అత్తయ్యగారికి చెప్పడానికి నేను భయపడ్డాను. ఎనభై నాలుగేళ్ల మనిషి, జీవితమంతా నమ్మిన కథ. ఆవిడ అంతా విని, “మూడో కొడుకును గ్లాస్గో పంపడానికి ఆ రైతు ఎన్ని ఆవులమ్మాడో” అన్నారు. మర్నాడు పటం గోడ మీద లేదు. ఆవిడే దింపించారు.

ఆ రైతు తండ్రి ఎవరో మాకు కాగితం లేదు. కాబట్టి అక్కడితో ఆపాం. ఊహించి రాయవద్దని మొదటిరోజే చెప్పిన గ్రంథాలయం పెద్దాయనకు మళ్లీ ధన్యవాదాలు. బిళ్లను సొసైటీలో భద్రపరచమని అత్తయ్యగారు అడగమన్నారు. వచ్చే వారం తానే స్వయంగా తెచ్చి ఆయన చేతిలో పెడతారట. గుండీల డబ్బాలోంచి తీసి, మెత్తటి గుడ్డలో చుట్టి, అప్పుడే చేతిసంచిలో పెట్టుకున్నారు.