'మైదానం' తిరిగి పంపిస్తున్నా

కడప,
ఎర్రముక్కపల్లె.

అమ్మణ్ణీ,

ఈ ఉత్తరంతో పాటు ఒక పుస్తకం వస్తుంది. చూస్తానే గుర్తుపడతావు. నువ్వు ఇంటర్ రెండో ఏడు చదివేటప్పుడు నీ చేతిలోనుంచి పెరుక్కొని ట్రంకుపెట్టెలో పడేసింటి. మొగుణ్ణి వదిలి అమీర్ వెంట పోయిన రాజేశ్వరి కథ నా బిడ్డ చదవడమేందని అరిస్తి. అప్పటికి నేను అందులో ఒక్క పేజీ చదివినోణ్ణి కాదు. రిటైరైనాక, ఈ ఏడు చదివినా. తర్వాత బ్రౌన్ లైబ్రరీకి పోయి చలం పుస్తకాలు మరికొన్ని చదివినా.

మొన్న ఫోన్లో చలం గురించి నువ్వన్న మాటకు నాకు నిద్ర పట్టలేదు. "ఆడవాళ్ళ స్వేచ్ఛ కోసం అంత పోట్లాడిన మనిషి ఆఖరికి స్వామి దగ్గర చేరినాడు, ఓడిపోయినట్టే కదా నాయనా" అంటివి. నాకట్లా అనిపించలేదు.

1894లో పుట్టినాడాయన, మడీ ఆచారాల ఇంట్లో. కాకినాడలో చదివేటప్పుడే కాలేజీ ప్రిన్సిపాల్ రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి ప్రభావంతో, విగ్రహాలు వద్దని ఒకే దేవుణ్ణి కొలిచే బ్రహ్మసమాజం వైపు పోయినాడు. మద్రాసులో బి.ఏ. చదువుతా, భార్యను సైకిలు మీద బడికి దింపి వచ్చేవాడంట. ఆ కాలంలో! 'మైదానం' వచ్చింది 1927లో. అంటే దేవుడి కోసం వెతుకులాట ఆ నవలకు ముందు నుంచే ఉంది. ముసలితనంలో భయపడి పట్టుకున్నది కాదు. బ్రహ్మసమాజంలోనూ నిలవలేదు. స్నేహితుడు చింతా దీక్షితులు రమణ మహర్షి దగ్గరికి పిలుచుకొని పోయినాడు. 1950లో బెజవాడ వదిలి, ఇంటిల్లిపాదితో అరుణాచలం చేరినాడు. ఆ ఏడు ఏప్రిల్‌లోనే మహర్షి పోయినారు. ఒక మనిషి ఆసరా కోసమే వచ్చినవాడైతే అప్పుడే మూటాముల్లె సర్దుకోవాల. 1979లో కన్నుమూసేదాకా ఆ కొండ కిందనే ఉండిపోయినాడు.

ఇంకో సంగతి ఉంది, నన్ను బాగా కుదిపిందదే. ఆయన బిడ్డ సౌరిస్. ఆ దారిలో తనకంటే బిడ్డే ముందుందని నమ్మి, ఆమె మాటను గురువు మాటగా విన్నాడు. పిల్లల్ని కొట్టొద్దు, మీ ఇష్టాలు వాళ్ళ మీద రుద్దొద్దని 'బిడ్డల శిక్షణ'లో రాసిన మనిషే కదా. మాట మార్చినాడని ఎట్లా అంటావు?

పౌర్ణమికి అరుణాచలం స్పెషల్ బస్సులో డ్యూటీకి ఎన్నిసార్లు పోయింటినో! జనం 14 కిలోమీటర్ల గిరిప్రదక్షిణకు దిగిపోతే నేను టికెట్ల లెక్క చూసుకొని సీట్లో పండుకునేవాణ్ణి. ఆయన బతికిన ఊరని కూడా అప్పుడు తెలీదు. ఇప్పుడు తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

మీ అమ్మ మాత్రం ఒప్పుకోలా. "లోకం వెలేస్తే రాసేటాయనకు రాతన్నా ఉంది, ఆ ఇంట్లో ఆడవాళ్ళకేముంది?" అనింది. నా దగ్గర జవాబు లేదు. నీకేమన్నా తోస్తే అమ్మకే రాయి, ఎదురు చూస్తాంది.

అట్ట చినిగిపోతే అమ్మ కొత్త కాగితం వేసింది. నువ్వు చదువుతా ఆపిన పేజీలో బస్సు టికెట్ పెట్టింటివి. అది అట్లే ఉంది, తీయలేదు.

మీ నాయన