పద్మనాభ యుద్ధ స్మారకం: మన సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం చేసిన పనుల్లో ముందు చెప్పుకోవలసింది జూలై 10 గురించి. ఆ రోజుతో పద్మనాభ యుద్ధానికి 230 ఏళ్లు నిండాయి. బుధవారం కావడంతో బడి పిల్లల్ని పంపుతారో లేదోనని ముందురోజు రాత్రి దాకా టెన్షన్ పడ్డాం. పంపారు. స్మారకం దగ్గర పూలు ఉంచాక ఏడో తరగతి అమ్మాయి ఒకతి, "బొబ్బిలి యుద్ధం తెలుసండీ, మన ఊళ్లోనూ జరిగిందా?" అని అడిగింది. పిల్లల్ని అక్కడే కూర్చోబెట్టి కథంతా చెప్పాం.

1757 నాటి బొబ్బిలి కథ బుర్రకథల పుణ్యమా అని ఇంటింటికీ చేరింది. ఆ తర్వాత 37 ఏళ్లకు, 1794లో, విజయనగరం రాజు చిన్న విజయరామరాజు మన ఊరి నేల మీద ప్రాణాలిచ్చారు. పేష్కష్ (సంస్థానం కంపెనీకి కట్టాల్సిన కప్పం) బాకీ 8.5 లక్షల రూపాయలు కట్టమని ఈస్టిండియా కంపెనీ పట్టుబట్టింది. చివరికి సంస్థానం వదిలి మచిలీపట్నం వెళ్లిపొమ్మంది. ఆయన వెళ్లలేదు. తన వాళ్లతో పద్మనాభంలో విడిది చేశారు. జూలై 10 తెల్లవారుజామున కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలతో వచ్చిపడ్డాడు. పోరు గంటసేపైనా సాగలేదు. రాజుతోపాటు ఆయన్ని విడిచిపోని వాళ్లు ఎందరో అక్కడే నేలకొరిగారు.

"వాళ్ల పేర్లు చెప్పలేదేంటండీ?" అని అదే అమ్మాయి మళ్లీ అడిగింది. ఆ ప్రశ్న మమ్మల్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లు తమ ఇళ్లలో విన్న సంగతుల్ని ఫోన్‌లో రికార్డు చేయడం ఆగస్టులో మొదలుపెట్టాం. మీ ఇంట్లో తాతగారో నానమ్మగారో ఉంటే దయచేసి కబురు చేయండి. ఈ పని ఆలస్యమైతే చేసేదేమీ ఉండదు.

వానాకాలంలో స్మారకం నెర్రెలో రావి మొక్క మొలిచింది. మన కుర్రాళ్లు పీకబోతే మేస్త్రీ ఆపాడు. "లాగితే కట్టు కూడా ఊడొస్తుంది బాబూ" అంటూ కాండాన్ని మొదలంటా కోసి, మళ్లీ చిగురు వేసినప్పుడల్లా వచ్చి గిల్లేశాడు. కూలి తీసుకోలేదు. దీపావళికి స్మారకానికి రంగులు వేయిద్దామని కొందరు సభ్యులు అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ పాత కట్టడాల పని తెలిసినవారు వచ్చి చూసేదాకా పెయింటూ సిమెంటూ తగలనివ్వకూడదని కమిటీ గట్టిగా తీర్మానించింది.

కార్తీక దీపోత్సవానికి అనంతపద్మనాభస్వామి కొండ మీదికి వెయ్యికి పైగా మెట్లెక్కి వచ్చే భక్తుల్లో చాలామందికి కింద జరిగిన యుద్ధం సంగతి తెలియదు. అందుకే ఈసారి మెట్ల మొదట్లో ఫ్లెక్సీ కట్టాం. ఆగి చదివినవాళ్లు బాగానే ఉన్నారు. రోడ్డు మీద దారి చూపే బోర్డు కోసం పెట్టిన అర్జీకి మాత్రం ఇంకా జవాబు రాలేదు.

జమాఖర్చుల పుస్తకం సమావేశంలో ఉంటుంది, అందరూ చూడవచ్చు.

వచ్చే జూలై 10 (2025) గురువారం. ఈసారి ఎండెక్కాక కాకుండా, యుద్ధం మొదలైన వేళకే, తెల్లవారుజామునే పూలు ఉంచుదాం.